యువాన్, రెన్‌మిన్‌బీ, మధ్యలో ఒక ‘వ’

సబ్ ఎడిటర్:
హైస్కూల్లో మా సోషల్ మాస్టారు దేశదేశాల డబ్బు పేర్లు వల్లె వేయిస్తూ ఒక మాట అనేవారు: "యెన్నూ యువానూ ఇంకోటీ ఒక్క తల్లి బిడ్డలర్రా" అని. ఆ ఇంకోటి ఏమిటో నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోతోంది. నిన్న డెస్కులో ఒక వార్త దిద్దుతుంటే మళ్ళీ అదే పట్టుకుంది. మొదటి పేరాలో ‘యువాన్’ అని ఉంది, నాలుగో పేరాలో ‘రెన్‌మిన్‌బీ’ అని ఉంది, శీర్షికలో రెండూ కలిపి పెట్టేశారు. రెండూ ఒకటేనా, తేడా ఉందా? ఉంటే ఎక్కడ ఏది రాయాలి? పైగా మా పేజీల్లో యువాన్, యువాను, యుఆన్, యూవాన్ అని ఎవరికి తోచినట్టు వాళ్ళు రాస్తున్నారు. స్టైల్ షీట్‌లో ఒక్కటి ఖాయం చేయాలి. చెప్పండి.

కాణీ కలెక్షన్:
మూడోది వొన్. కొరియా వొన్. మీ మాస్టారు చెప్పింది అక్షరాలా నిజం. మూడింటికీ మూలం చైనా లిపిలో ఒకటే అక్షరం, దాని అర్థం గుండ్రం. చైనావాళ్ళు దాన్ని యువాన్ అని పలికారు, జపాన్‌వాళ్ళు ఎన్ అన్నారు, కొరియావాళ్ళు వొన్ అన్నారు.

గుండ్రం అనే మాట డబ్బు పేరు ఎలా అయిందంటే మెక్సికో దాకా వెళ్ళాలి. స్పెయిన్‌వాళ్ళు అక్కడ కొట్టించిన వెండి నాణేలు మనీలా మీదుగా ఓడల్లో చైనా రేవులకు చేరాయి. అప్పటిదాకా చైనాలో పెద్ద బేరాలకు వెండి ముద్దలే. తూచి, నికార్సు చూసి, లియాంగ్ అనే తూకం లెక్కన పుచ్చుకునేవారు. కొత్తగా వచ్చిన బిళ్ళలన్నీ ఒకే తూకం, ఒకే ఆకారం. తూచే పని లేదు, లెక్కపెట్టుకుంటే చాలు. గుండ్రటి వెండి అన్న పేరు అలా పడింది. జపాన్ 1871లోనే చట్టం చేసి యెన్ తెచ్చుకుంది. చైనాలో తూకం లెక్క పూర్తిగా రద్దయి యువాన్ లెక్క ఒక్కటే మిగిలింది 1933లో.

అరసున్న:
మంగోలియా తుగ్రుగ్‌ను వదిలేశారు. 1925లో వచ్చింది. ఆ మాట చైనాది కాదు, సొంత మంగోల్ మాట, అర్థం మాత్రం అదే గుండ్రం. చైనా నోటు వెనక చిన్న అక్షరాల్లో మంగోల్, టిబెటన్, ఉయ్‌గుర్, జువాంగ్ భాషలు ఉంటాయి. మంగోల్‌లో రాసి ఉండేది తుగ్రుగే. టిబెటన్‌లో ‘గోర్’ అని ఉంటుంది, అదీ గుండ్రమే. వీళ్ళు మాటను అరువు తెచ్చుకోలేదు, భావం తీసుకుని తమ మాట పెట్టుకున్నారు. నాకు ఈ పద్ధతే నచ్చుతుంది.

లెక్కల పద్దు:
బ్యాంకులో ఫారెక్స్ చూసినవాణ్ణి, అసలు ప్రశ్నకు వస్తాను. రెన్‌మిన్‌బీ అనేది డబ్బు పేరు. యువాన్ ఆ డబ్బును లెక్కపెట్టే యూనిట్ పేరు. 1995లో చైనా తన కేంద్ర బ్యాంకు కోసం చేసిన చట్టంలో వరసగా రెండు నిబంధనలున్నాయి. 16వది ‘దేశంలో చెల్లే డబ్బు రెన్‌మిన్‌బీ’ అంటుంది. 17వది ‘దాని యూనిట్ యువాన్, చిల్లర యూనిట్లు చ్యావ్, ఫెన్’ అంటుంది. పది చ్యావ్‌లు ఒక యువాన్, పది ఫెన్‌లు ఒక చ్యావ్.

బ్రిటన్ డబ్బుకు స్టెర్లింగ్ అని పేరు, లెక్క మాత్రం పౌండ్లలో. ఐదు స్టెర్లింగులు ఇవ్వమని ఎవరూ అడగరు. అలాగే ‘వంద రెన్‌మిన్‌బీలు’ అని రాయకూడదు. నగదు అన్న మాటకు బహువచనం లేనట్టే దీనికీ లేదు. విలువ పడింది, పెరిగింది, నిల్వల్లో చేరింది అన్నప్పుడు రెన్‌మిన్‌బీ అనండి. అంకె పక్కన యువాన్ పెట్టండి. 2016 అక్టోబర్ 1న ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి) తన ఎస్‌డీఆర్ అనే నిల్వ ఆస్తికి విలువ కట్టే కరెన్సీల బుట్టలో 10.92 శాతం వాటాతో చేరింది రెన్‌మిన్‌బీ. ఒక టీవీ ధర 3,000 యువాన్లు. ఇంతే తేడా.

సబ్ ఎడిటర్:
చాలా ఉపకారం చేశారు పద్దుగారూ. మరి రెన్‌మిన్‌బీని తెలుగు చేసి రాస్తే? ‘ప్రజల డబ్బు’ అనే కదా. నేను ఒకసారి ప్రజాధనం అని పెట్టాను, మా ఇన్‌ఛార్జి కొట్టేశారు.

తాటాకు:
కొట్టేసి మంచి పని చేశారు. ప్రజాధనం అంటే మనకు ఖజానా సొమ్ము. ‘చైనా ప్రజాధనం విలువ తగ్గింది’ అని చదివితే ఏదో కుంభకోణం జరిగిందనుకుంటారు. పేరును పేరులాగే ఉంచాలి.

కాణీ కలెక్షన్:
ఆ ‘ప్రజల’ అన్న మాట వెనక చరిత్ర ఉంది. 1948 ఆగస్టులో అప్పటి ప్రభుత్వం బంగారు యువాన్ పేరుతో కొత్త నోటు తెచ్చింది. నెలల్లోనే దాని విలువ కరిగిపోయింది. అదే ఏడాది డిసెంబర్ 1న, కమ్యూనిస్టుల చేతిలో ఉన్న షిజియాజ్వాంగ్ ఊళ్ళో, మూడు ప్రాంతీయ బ్యాంకులు కలిపి చైనా ప్రజాబ్యాంకు పెట్టారు. ఆ రోజే మొదటి రెన్‌మిన్‌బీ నోట్లు బయటికి వచ్చాయి. నోటు మీద బ్యాంకు పేరును తన దస్తూరితో రాసింది తుంగ్ పివూ అనే నాయకుడు. బ్యాంకుకు ప్రజలు, పత్రికకు ప్రజలు, డబ్బుకూ ప్రజలు. అవతలివాళ్ళ డబ్బుతో తమ డబ్బుకు పోలిక రాకూడదనే ఈ పేరు. యూనిట్ పేరు మాత్రం పాతదే ఉంచారు, ఎందుకంటే బజారులో జనానికి లెక్క ఆ పేరుతోనే వచ్చు.

బండి ఱ:
అర్థం సంగతి మీరంతా చెప్పేశారు. నా బాధ అక్షరం గురించి. యువాన్‌లో ఆ ‘వ’ ఎక్కడిది? ఇంగ్లీషు స్పెల్లింగులో వై, యు, ఏ, ఎన్ తప్ప ఇంకేమీ లేదు. యు పక్కన ఆ వచ్చేసరికి మనవాళ్ళు మధ్యలో వకారం దూర్చారు. చిన్నయసూరి ఏమన్నాడు? ‘సంధి లేనిచోట స్వరంబుకంటెఁ బరంబయిన స్వరంబునకు యడాగమంబగు.’ యడాగమం అన్నాడు, వడాగమం అనలేదు. కాబట్టి దూర్చక తప్పదంటే యకారం దూర్చాలి, ‘యుయాన్’ అని రాయాలి.

తాటాకు:
మాస్టారూ, ఆ సూత్రం రెండు మాటలు కలిసేచోట పనికొచ్చేది. ఒకే మాట లోపల, అందులోనూ పరాయి మాట లోపల, మన నోరు ఏం చేస్తోందో వినండి. మాన్యువల్, యాన్యువల్, రువాండా, నికరాగువా. అన్నిట్లో వకారమే. గ్రాడ్యుయేట్, ఫ్లూయెంట్, ఇన్‌ఫ్లుయెంజా. వీటిలో యకారం. అంటే ఉకారం తర్వాత అ, ఆ వస్తే వ వస్తుంది, ఎ, ఏ వస్తే య వస్తుంది. ఎవరూ సూత్రం రాయలేదు, అయినా ఎవరూ తప్పడం లేదు. యువాన్‌లో ‘ఆ’ ఉంది గనక ‘వ’ వచ్చింది. దీనికి చిన్నయసూరిని లేపక్కరలేదు.

మెడికో:
నేను చైనాలో ఎంబీబీఎస్ చదివానండీ. అక్కడ ఎవరి నోటా ఆ మాటలో ‘ఆ’ వినలేదు. పెదవులు సున్నాలా చుట్టి ‘ఈ’ అనబోయి, వెంటనే ‘ఎన్’లోకి జారాలి. గొంతు కింద నుంచి పైకి లేస్తుంది, మనం ఆశ్చర్యంగా ‘ఏంటీ?’ అన్నప్పుడు లేచినట్టు. దగ్గర దగ్గరగా తెలుగులో రాస్తే యుయెన్. చైనా మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసే పద్ధతిని పిన్‌యిన్ అంటారు. ఆ స్పెల్లింగులో ఉన్న ఇంగ్లీషు ‘ఏ’ అక్షరం ఈ చోట ఎకారంగానే పలుకుతుంది. దాన్ని ఇంగ్లీషువాళ్ళు తమ పద్ధతిలో చదివారు, మనం వాళ్ళను చూసి రాశాం. అరసున్నగారు చెప్పిన నోటు వెనక ఉయ్‌గుర్ అక్షరాలున్నాయి కదా, అవి చెవికి వినబడినట్టు రాసినవి. అక్కడ ఉన్నది యుయెన్ అనే.

బండి ఱ:
చూశారా తాటాకుగారూ! మీ సూత్రంతోనే తేలిపోయింది. ఉకారం తర్వాత ఎకారం ఉంటే యకారం వస్తుందన్నారు. ఉన్నది ఎకారమే అని మెడికో తమ్ముడు చెవితో విని చెప్తున్నాడు. కాబట్టి యుయెన్. వకారానికి చోటే లేదు.

తాటాకు:
లేదు. మనం మాటను చైనా నుంచి తెచ్చుకోలేదు, కాగితం మీద నుంచి తెచ్చుకున్నాం. కాగితం మీద ‘ఆ’ ఉంది. పారిస్‌ను ఫ్రెంచివాళ్ళు పారీ అంటారు, మనం పారీ అని రాస్తున్నామా? యువాన్ తెలుగులో కుదురుకున్న మాట. పాఠ్యపుస్తకాల్లో, పోటీ పరీక్షల గైడుల్లో, పత్రికల్లో అదే ఉంది. ఇప్పుడు యుయెన్ అని రాస్తే చదివేవాడు జపాన్ యెన్‌కు అచ్చుతప్పు పడిందనుకుంటాడు. ఒకే పేరాలో రెండు కరెన్సీలూ వచ్చాయంటే కొంప మునుగుతుంది.

లెక్కల పద్దు:
ఈ మాట చాలా గట్టిది. యెన్‌కూ యువాన్‌కూ గుర్తు ఒకటే, వై మీద అడ్డగీతలు. ఆ గుర్తు చూసి అంకెలు తారుమారైతే ఎంత టెన్షనో నాకు తెలుసు. పేరులోనైనా తేడా కనబడాలి.

అరసున్న:
యెన్ గురించి ఒక ముక్క. జపాన్‌వాళ్ళ నోట ఇప్పుడు అది ఎన్ మాత్రమే, మొదట్లో ‘వై’ లేదు. పాత కాలపు యూరోపియన్ల చెవికి అది ‘యె’లా వినబడింది, అలాగే రాశారు, ఆ స్పెల్లింగు ఉండిపోయింది. తెలుగులో ఈ గొడవే లేదు. మనం ఎన్ని, ఎవరు, ఎందుకు అని రాసినా పలికేది యెన్ని, యెవరు, యెందుకు. జపాన్ మాట పలకడానికి తెలుగువాడికి ఇంగ్లీషు ఆసరా అక్కర్లేదు.

బండి ఱ:
అరసున్నగారు నా మనసులో మాట అన్నారు. ఇంగ్లీషు ఆసరా మానేస్తే రెన్‌మిన్‌బీ కూడా మారాలి. పిన్‌యిన్‌లో బి అని రాసేది మన బకారం కాదు. గొంతు మోగని, ఒత్తు లేని పకారం. పి అని రాసేది ఒత్తు ఉన్న పకారం. ఇంగ్లీషు లిపిలో ఆ రెంటికీ వేరు అక్షరాలు లేక బి, పి అని సర్దుకున్నారు. మనకు ప, ఫ, బ, భ నాలుగూ వేర్వేరుగా ఉన్నాయి. మనం ఎందుకు సర్దుకోవాలి? అది రెన్‌మిన్‌పి. పిన్‌యిన్‌కు ముందు వాడిన వేడ్ పద్ధతిలో జెన్-మిన్-పి అనే రాసేవారు.

ఇక మొదటి అక్షరం. అది మన రేఫ కాదు. నాలుక వెనక్కి మడవాలి. నా ఉద్దేశంలో అది మనం పోగొట్టుకున్న ‘ఴ’కు దగ్గర. తమిళులు ఇప్పటికీ పలుకుతున్నారు. మన పాత శాసనాల్లో ఉన్న అక్షరం. ఴెన్‌మిన్‌పి అని రాస్తే చైనావాడు చదివినట్టే ఉంటుంది.

తాటాకు:
మాస్టారూ, నేను శాసనాలు చదివేవాణ్ణి కాబట్టి ఇది వదలలేను. నన్నయ నాటికే ఴ మన నోటి నుంచి జారిపోయింది. చాలాచోట్ల డ అయింది. చోఴులు చోడులయ్యారు, ఏఴు ఏడయింది. హల్లు పక్కన ఉన్నచోట రేఫగా మారింది. పోయిన అక్షరాన్ని చైనా డబ్బు కోసం తిరిగి తెస్తే, అది పాత దారినే పోయి డెన్‌మిన్‌పి అవుతుంది.

అరసున్న:
పైగా చైనా ధ్వనిలో రాపిడి ఉంటుంది, అందుకే వేడ్ దొర ‘జె’ అని రాశాడు. తమిళ ఴలో ఆ రాపిడి ఉండదు. సగమే పోలిక. బ, ప విషయంలో మాత్రం నేను బండి ఱ గారి పక్షం.

గోదారి గట్టు:
ఇంత చర్చలో అసలు యువాన్ వంశం ఊసే ఎత్తలేదేం? కుబ్లాయ్ ఖాన్ 1271లో తన వంశానికి యువాన్ అని పేరు పెట్టాడు. కాగితం డబ్బును దేశమంతా చలామణీ చేయించింది ఆయనే. మార్కో పోలో వచ్చి, మల్బరీ చెట్టు బెరడుతో కాగితం చేసి దాని మీద రాజముద్ర కొడితే డబ్బవుతోందని నోరెళ్ళబెట్టాడు. ఆ మార్కో పోలోయే తిరుగు ప్రయాణంలో మన మోటుపల్లి రేవు గురించి రాశాడు, ముత్ఫిలి అని. అక్కడ ఒక రాణి న్యాయంగా ఏలుతోందన్నాడు. మన రుద్రమదేవే. డబ్బుకు ఆ వంశం పేరే పెట్టి ఉంటారని నాకు గట్టి నమ్మకం.

కాణీ కలెక్షన్:
మోటుపల్లి ప్రస్తావన చదివితే ఒళ్ళు పులకరించింది గానీ, ఆ నమ్మకానికి ఆధారం లేదండీ. వంశం పేరు నాలుగు గీతల చిన్న అక్షరం. అర్థం ఆది, మొదలు. యీచింగ్ అనే పాత గ్రంథం నుంచి తీసుకున్నారు. డబ్బు అక్షరం వేరు, చుట్టూ పెట్టెలా గీత ఉంటుంది, లోపల బోలెడు గీతలు. ఉచ్చారణ మాత్రం రెంటికీ ఒకటే. బజారులో చీటీలు రాసేవాళ్ళు ఇన్ని గీతలు ఎవరు గీస్తారని, అదే చప్పుడున్న నాలుగు గీతల అక్షరం వాడేశారు. అలా ఆ అక్షరం డబ్బుకు వచ్చింది, వంశం నుంచి కాదు.

పద్దుగారు చెప్పిన చట్టంలో ఉన్నది ఈ నాలుగు గీతల అక్షరం. నోటు మీద అచ్చయ్యేది పెట్టె ఉన్న అసలు అక్షరం. వంద నోటు చూడండి, అంకె కూడా మామూలు అక్షరాల్లో ఉండదు, ఎవరూ గీత కలిపి దిద్దలేని బరువైన అక్షరాల్లో ఉంటుంది. ఒక దేశం తన డబ్బు పేరును చట్టంలో ఒకలా, నోటు మీద ఇంకోలా రాస్తుంది, రెండూ ఒప్పే.

మూడో యువాన్ కూడా ఉంది. 1914లో అప్పటి చైనా అధ్యక్షుడు యువాన్ షికాయ్ బొమ్మతో వెండి బిళ్ళ వచ్చింది. నాణేలు పోగుచేసే వాళ్ళందరికీ అది ప్రాణం. జనం దాన్ని ‘యువాన్ పెద్ద తల’ అనేవారు. అక్కడ యువాన్ ఆయన ఇంటిపేరు, మళ్ళీ వేరే అక్షరం. ఆది, గుండ్రం, ఇంటిపేరు, మూడూ ఒకే స్వరంతో పలుకుతారు.

అరసున్న:
నాలుగో యువాన్ మన ఇంటికే వచ్చి వెళ్ళాడు. పాత చరిత్ర పుస్తకాల్లో యువాన్ చ్వాంగ్ అని చదువుకున్నాం గుర్తుందా? ఇప్పుడు షువాన్‌జాంగ్ అంటున్నారు, హుయాన్ త్సాంగ్ అనీ రాసేవారు. యువాన్ అన్న రాతకు ఒక కారణం ఉంది. ఆయన పేరులో మొదటి అక్షరం చింగ్ వంశపు కాంగ్‌షీ చక్రవర్తి సొంత పేరులోనూ ఉంది. చక్రవర్తి పేరులోని అక్షరం ఎవరూ రాయకూడదు. దాంతో భిక్షువు పేరు దగ్గర ఆ అక్షరం తీసేసి, కాణీగారు చెప్పిన నాలుగు గీతల యువాన్ పెట్టారు. ఆ ప్రతులు చదివిన యూరోపియన్లు యువాన్ చ్వాంగ్ అన్నారు, మనం వాళ్ళను చూసి రాశాం. డబ్బు పేరుగా వాడే అక్షరమూ, వేంగినీ ధాన్యకటకాన్నీ చూసి వెళ్ళిన భిక్షువు పేరుకు అతికించిన అక్షరమూ ఒకటే.

గోదారి గట్టు:
ధాన్యకటకంలో ఆయన కొన్నాళ్ళు ఉండి అభిధర్మం చదువుకున్నాడంటారు. అమరావతి స్తూపం దగ్గర నిలబడ్డప్పుడల్లా ఆయనే గుర్తొస్తాడు నాకు. ఇక నుంచి యువాన్ అన్న మాట విన్నా గుర్తొస్తాడు. ఇంత మంచి ముక్క చెప్పినందుకు నమస్కారం అరసున్నగారూ.

హోల్‌సేల్:
నేను చైనాలోని ఈవూ మార్కెట్‌కు సరుకు కోసం వెళ్తుంటాను. మీరు ఇంత కొట్టుకుంటున్న యువాన్ ఆ బజారులో వినబడదు. అందరూ అనేది ఖ్వై. ధర అడిగితే ‘సాన్ ఖ్వై’ అంటారు, మూడు యువాన్లన్నమాట. బిల్లు మీద రాసేటప్పుడు యువాన్. డాలర్లిస్తావా, మా డబ్బిస్తావా అని తేల్చుకునేటప్పుడే రెన్‌మిన్‌బీ. యువాన్‌లో పదో వంతును చ్యావ్ అనరు, మావ్ అంటారు. మావ్ అంటే వెంట్రుక.

మెడికో:
నిజం అన్నా. ఖ్వై అంటే ముక్క, గడ్డ. సబ్బు ఒక ఖ్వై, మాంసం ఒక ఖ్వై, రాయి ఒక ఖ్వై. ‘ఒక ముక్క డబ్బు’ అన్నది కుదించి ముక్క అనేస్తారు. వెండి ముద్దల కాలం నోట్లో అలా మిగిలిపోయింది. మా క్లాసులో కొందరు మావ్ అంటే మావో పేరు అనుకునేవాళ్ళు, 1999 నుంచి వచ్చిన మామూలు నోట్లన్నిటి మీదా ఆయన బొమ్మే ఉంటుంది కదా. ఆయన ఇంటిపేరు ఆ అక్షరమే. అయితే డబ్బుకు ఆ పేరు ఆయన కంటే పాతది.

తాటాకు:
‘ముక్క’ అనకండి తమ్ముడూ, మనకు అచ్చమైన మాట ఉంది: బిళ్ళ. రూపాయి బిళ్ళ, అర్ధ రూపాయి బిళ్ళ, పది పైసల బిళ్ళ. సబ్బు బిళ్ళ అంటాం, మాత్రను బిళ్ళ అంటాం, తొక్కుడు బిళ్ళ ఆడతాం. ఖ్వైకూ యువాన్‌కూ కలిపి ఒకే తెలుగు మాట కావాలంటే ఇంతకంటే మంచిది దొరకదు. గుండ్రమూ వచ్చింది, ముక్కా వచ్చింది.

హోల్‌సేల్:
ఇంకో సంగతి. వాళ్ళకు అమెరికా డాలర్ కూడా యువానే. మెయ్ యుయెన్ అంటారు, అమెరికా యువాన్ అని. యూరో అంటే ఓ యుయెన్. వట్టి యువాన్ అంటే ఏ దేశానిదో చెప్పాల్సి వస్తుంది. మన రూపాయిని మాత్రం అలా అనరు, లూపి అంటారు.

గోదారి గట్టు:
లూపిలో పి, రెన్‌మిన్‌పిలో పి ఒకటేనా? అయితే మన రూపాయి పేరులో సగం వాళ్ళ డబ్బులో ఉన్నట్టే.

అరసున్న:
ఒకటి కాదండీ. లూపిలో పి మన ‘రూపీ’ని చెవితో విని రాసుకున్న చప్పుడు, గొంతు కిందికి దిగి లేస్తుంది. రెన్‌మిన్‌పిలో పి గట్టిగా కిందికి పడుతుంది, అక్షరమూ వేరు. ఆ అక్షరం అడుగున బట్ట గుర్తు ఉంటుంది. మొదట దాని అర్థం కానుకగా ఇచ్చే పట్టుబట్ట. పట్టు తానులు డబ్బుగా చెల్లిన కాలం చైనాలో చాలా ఉంది.

కాణీ కలెక్షన్:
మన రూపాయికి మూలం రూప్యం. పాణిని సూత్రం ‘రూపాదాహత ప్రశంసయోర్యప్’. ఆహతం అంటే కొట్టినది, ముద్ర వేసినది. వాళ్ళు బిళ్ళ ఆకారాన్ని బట్టి పేరు పెడితే మనం దాని మీది ముద్రను బట్టి పెట్టాం. చైనా డబ్బుకు మన మాట ఒకటి ఇంగ్లీషులో ఉండిపోయింది కూడా. మధ్యలో చతురస్రపు కన్నం ఉన్న పాత చైనా రాగి నాణెం తెలుసు కదా, దాన్ని ఇంగ్లీషువాళ్ళు క్యాష్ అనేవారు. ఆ క్యాష్ వేరు, మన నగదు క్యాష్ వేరు. నాణెం పేరు తమిళ కాసు నుంచి పోర్చుగీసుల నోటబడి వెళ్ళింది. మన కాసూ అదే. కాసులపేరు మెళ్ళో వేసుకునే మాట చైనా బజారు దాకా నడిచింది.

తాటాకు:
ముద్ర అన్నారు గనక, టంకం మాటేమిటి? టంకమన్నా ముద్రే, అందుకే టంకశాల. బంగ్లాదేశ్ టాకా అందులోంచే వచ్చింది. ఇక్కడ శ్రీనాథుణ్ణి తలచుకోకపోతే నాకు నిద్ర పట్టదు. ‘ఎట్లు చెల్లింతు టంకంబు లేడునూర్లు’. బొడ్డుపల్లె గుత్తకు తీసుకుని, కృష్ణ వరద పంట కొట్టుకుపోతే శిస్తు కట్టలేక నడివీధి ఎండలో నిలబడ్డ కవి. ఆ పద్యమంతా గుండె పిండుతుంది గానీ ఆ చివరి పాదంలో అంకె ఉంది చూడండి, అదే నన్ను ఎక్కువ బాధపెడుతుంది. ఏడు వందలు. బాకీ ఎంతో లెక్క చెప్తున్నాడు.

బండి ఱ:
అదే నోటితో ఒకప్పుడు ‘దీనారటంకాల తీర్థమాడించితి’ అన్నాడు. ప్రౌఢదేవరాయల ముత్యాలశాలలో కనకాభిషేకం. అక్కడ స్నానానికి వచ్చిన టంకాలే ఇక్కడ బాకీకి లేవు. రెండు పద్యాలూ వెంటవెంటనే చదివితే నాకు గొంతు పెగలదు.

సబ్ ఎడిటర్:
పెద్దలూ, స్టైల్ షీట్ రేపు పంపాలి. అంకె పక్కన యువాన్, డబ్బు పేరుగా రెన్‌మిన్‌బీ అన్నది రాసుకున్నాను. వర్ణక్రమం ఏది పెట్టను?

బండి ఱ:
యుయెన్, రెన్‌మిన్‌పి. ఴ మీద పట్టు పట్టను.

తాటాకు:
యువాన్, రెన్‌మిన్‌బీ. అకారణంగా మార్చకండి. వాక్యంలో విభక్తి చేరితే యువానుకు, యువాన్లలో అని రాయండి, డాలరుకు, డాలర్లలో అన్నట్టే.

లెక్కల పద్దు:
ఏది రాసినా బహువచనం యువాన్‌కే. రెన్‌మిన్‌బీకి వద్దు.

అరసున్న:
యువాన్, రెన్‌మిన్‌పి.

బండి ఱ:
అరసున్నగారూ, సగం దారిలో ఆగితే ఎలా? పకారం దగ్గర చెవిని నమ్మి, యువాన్ దగ్గర కాగితాన్ని నమ్ముతారా?

అరసున్న:
యువాన్ అందరి నోటా పడిన మాట, దాన్ని కదపలేం. రెన్‌మిన్‌పి ఇంకా పత్రికల పేజీ దాటలేదు. ఇప్పుడు సరిచేస్తే నిలుస్తుంది. అది సరే, బండి ఱ గారూ, ‘దీనారటంకాలు’ మీరు ఏ సమాసమనుకుంటున్నారు? దీనారాలూ టంకాలూనా?

బండి ఱ:
ద్వంద్వమే. రెండు రకాల నాణేలు. దీనారం రోమ్ నుంచి వచ్చిన పేరు, టంకం మనది.

తాటాకు:
కాదు. దీనారాలనే టంకాలు. పేరు ముందు వచ్చింది, దాన్ని లెక్కపెట్టే మాట వెనక వచ్చింది. కనకాభిషేకం అన్నప్పుడు అందులో వెండి టంకాలు ఎందుకు కలుపుతారు? రాజు పోయించింది బంగారం ఒక్కటే.

బండి ఱ:
టంకం వెండిదే అని ఎవరన్నారు? బంగారు టంకాలూ ఉన్నాయి. బంగారంలోనే రెండు రకాలు పోయించి ఉండవచ్చు. పైగా శ్రీనాథుడు అంత గొప్ప సభ గురించి చెప్పుకుంటూ ఒకే నాణేన్ని రెండు మాటల్లో ఎందుకు చెప్తాడు?

తాటాకు:
సీసంలో ఆ పాదం ఎత్తుగడకు రెండు ఇంద్రగణాలు కావాలి గనకనా అని అడగబోతున్నారు, నాకు తెలుసు. శ్రీనాథుడు గణం నింపడానికి మాట వాడడు. ఆయన వాడిన మిగతా చోట్లు చూసి రేపు రాస్తాను, అప్పటిదాకా ద్వంద్వమని తేల్చేయకండి.